వ్యాయామమునకు క్రమమేల వలయును?

వ్యాయామము ఆరోగ్యమునకు మంచిదని సోదరీమణులకు నేడు వేరుగ చెప్పనక్కరలేదు. వైద్యులు చెప్పుచున్నారు, పత్రికలు వ్రాయుచున్నవి, ఇంటిలోని పిల్లలును చెప్పుచున్నారు. అయినను ఉగాదినాడో పుట్టినదినమునాడో పట్టుదలతో ఆరంభించిన వ్యాయామము మూడవ వారము దాటకుండగనే ఆగిపోవుట మన యిండ్లలో తరచుగ చూచుచున్న విషయమే. దీనికి సోమరితనమే కారణమని పలువురందురు. మేమట్లు తలంపము. తెల్లవారుజామున లేచి రాత్రి పదిగంటలవరకు నడుము వాల్చని యిల్లాలిని సోమరి యనుట అన్యాయము. ఆమెకు వ్యాయామము చేయుమని చెప్పినవారే కాని, ఎంత చేయవలయునో, ఎట్లు ఆరంభింపవలయునో, ఎప్పుడు పెంపవలయునో చెప్పినవారు లేరు. వంటకు పాళ్లున్నట్లే వ్యాయామమునకును పాళ్లున్నవి. పాళ్లు తెలియక వండిన పిండివంట చెడినచో పిండిని నిందించి లాభమేమి? కావున ఈ మాసమున వ్యాయామమును ఏ సూత్రముల ననుసరించి కూర్చుకొనవలయునో వివరింప సంకల్పించితిమి.

ఇంటిపని చాలదా?

"ఇంటెడు చాకిరి చేయుచుండగా ఇంక వేరే వ్యాయామమెందుకు?" అని పెద్దలడుగుట కలదు. ఇది తోసివేయదగిన ప్రశ్న కాదు. ఊడ్చుట, తుడుచుట, బట్టలుదుకుట, మెట్లెక్కుట మున్నగునవన్నియు దేహమునకు పనియే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన సూచనలయందు ఇంటిపనియు శారీరకశ్రమలో చేరియున్నది. అంతకుముందు 2010 నాటి సూచనలలో కనీసము 10 నిమిషములు ఎడతెగక చేసిన శ్రమనే లెక్కింపవలెనను నియమముండెను. 2020లో దానిని తొలగించిరి. కావున బట్టలమూటతో మేడమెట్లెక్కిన రెండు నిమిషములును వ్యర్థములు కావు.

వృత్తిలోని కదలిక దేహమునకెంత మేలు చేయునో 1953లో లండను నగరమున జెర్రీ మోరిస్ అను వైద్యుడును అతని సహచరులును చూపించిరి. అచ్చటి రెండంతస్తుల బస్సులలో దినమెల్ల కూర్చుండి బండి నడుపువారికంటె, టిక్కెట్లిచ్చుటకై మెట్లెక్కుచు దిగుచునుండు కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగ నుండెనని వారు కనుగొనిరి. కదలుచుండు దేహమునకు రక్షణ కలదన్న మాటకు ఇది తొలి బలమైన ఆధారములలో నొకటి.

అయినను ఇంటిపనియందు రెండు కొరతలున్నవి. మన ముత్తవ్వలు తిరగలి త్రిప్పిరి, రోకటితో దంచిరి, బావినుండి నీరు తోడిరి. నేడు మిక్సీ వచ్చినది, కుళాయి వచ్చినది, గ్యాసుపొయ్యి వచ్చినది. పనిలోని బరువు పోయినది. పని మాత్రము పోలేదు. పొయ్యియొద్ద రెండు గంటలు నిలుచున్నచో కాళ్లు నొచ్చునే కాని గుండెకు గాని కండలకు గాని చాలినంత పని తగులదు. ఇది మొదటి కొరత. ఇక రెండవది: ఇంటిపని దేహమును ఎల్లప్పుడు ఒకే వైపునకు వంచును. ముందుకు వంగుటయే అధికము. చేతులు తలపైకెత్తుట, భుజములు వెనుకకు లాగుట అరుదు. ఏండ్ల తరబడి యిట్లు సాగినచో మెడయు నడుమును మొరపెట్టుకొనుటలో వింతయేమున్నది?

ముత్తవ్వల శ్రమను మేము కీర్తించుటకును సిద్ధముగ లేము. ఆ శ్రమలో విశ్రాంతి లేదు. నిండుచూలాలికిని బాలింతరాలికిని మినహాయింపు లేదు. నడుములు వంగిపోయిన ముదుసలులను మన గ్రామములలో ఎందరిని చూడలేదు? శ్రమ ఇంటికొరకు చేయునది. వ్యాయామము తన దేహముకొరకు చేసికొనునది. శ్రమను పని నిర్ణయించును. వ్యాయామమును మనమే నిర్ణయించుకొందుము. ఈ నిర్ణయమునకే క్రమమని పేరు.

మొదటి సూత్రము: దేనికి చేసిన దానికే ఫలము

దేహము ఏ పని నేర్పిన ఆ పనియే నేర్చుకొనును. నడక గుండెకును ఊపిరితిత్తులకును మంచిది. కాని నిత్యము నడచు స్త్రీకి బియ్యపుమూట ఎత్తుటకు వలసిన చేతిబలము నడకవలన రాదు. ఆసనములవలన కీళ్లు చక్కగ వంగును. కాని మెట్లెక్కునపుడు ఆయాసము తగ్గుటకు అవి మాత్రమే చాలవు. కావున సంపూర్ణమైన వ్యాయామక్రమమున నాలుగు భాగములుండవలయును: గుండె వేగమును పెంచు నడక వంటిది, కండలకును ఎముకలకును బరువు తగిలించునది, కీళ్లను సాగదీయునది, పడిపోకుండ నిలుచు నిలకడను నేర్పునది.

ఇందు రెండవదానిని మన స్త్రీలు తరచుగ విడిచిపెట్టుచున్నారు. బరువులెత్తుట మగవారి పని యని వారి భయము. నిజమునకు ఇది స్త్రీకే అధికముగ వలయును. ముట్లుడిగిన పిమ్మట కొన్ని సంవత్సరములపాటు ఎముకల గట్టిదనము వేగముగ తగ్గును. బరువు తగిలిన ఎముక గట్టిదనమును నిలుపుకొనును; కండ బలము నిలుచును; బలమున్నచో పడుట తగ్గును. వృద్ధాప్యమున తుంటియెముక విరిగి మంచముపట్టిన తల్లులను ఎరిగినవారికి ఈ మాట విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

రెండవ సూత్రము: కొలత

మందునకు మోతాదున్నట్లే వ్యాయామమునకును మోతాదున్నది. దానికి నాలుగు ప్రశ్నలు వేసికొనవలయును: వారమునకెన్ని మారులు? ఎంత తీవ్రముగ? ఎంతసేపు? ఏ విధమైనది? ఈ నాలుగింటికిని సమాధానము వ్రాసికొన్నచో సగము క్రమము ఏర్పడినట్లే.

పెద్దలు వారమునకు 150 మొదలు 300 నిమిషములవరకు మధ్యరకపు శ్రమ గాని, 75 మొదలు 150 నిమిషములవరకు తీవ్రశ్రమ గాని చేయవలయుననియు, రెండు దినములకు తక్కువ కాకుండ కండలకు బలము నిచ్చు వ్యాయామము చేయవలయుననియు పైని చెప్పిన 2020 నాటి సూచనల సారాంశము. 65 ఏండ్లు దాటినవారు వీనితోపాటు మూడు దినములైనను నిలకడను, బలమును పెంచు వ్యాయామములను చేయవలయును.

మధ్యరకపు శ్రమయని తెలియుటెట్లు? యంత్రములతో పనిలేదు. నడచుచు ప్రక్కవారితో మాటలాడగలిగియు పాట పాడలేకపోయినచో అది మధ్యరకము. హాయిగ పాడగలిగినచో నడక చాలలేదు. రెండు మూడు మాటలకే ఊపిరి తీసికొనవలసి వచ్చినచో అది తీవ్రము.

ఇక దినమునకు 10,000 అడుగులు వేయవలెనను మాట నేడు ఇంటింట వినబడుచున్నది. ఆ సంఖ్య వైద్యశాలలో పుట్టినది కాదు. 1965లో జపానుదేశమున అమ్మకమునకు వచ్చిన అడుగులు లెక్కించు పరికరమొకదానికి "పదివేలడుగుల కొలత" అను అర్థమిచ్చు పేరుండెను. ఆ పేరే లోకమున నియమమై కూర్చున్నది. 2019లో అమెరికాలో సగటున 72 ఏండ్ల వయసుగల పదునారువేలకు పైబడిన స్త్రీలను పరిశీలించిన వైద్యులు, దినమునకు సుమారు 2,700 అడుగులు వేయువారికంటె సుమారు 4,400 అడుగులు వేయువారిలో మరణములు తక్కువయనియు, 7,500 అడుగుల పిమ్మట అదనపు మేలు కనబడలేదనియు ప్రకటించిరి. కావున పదివేలు కాలేదని నిరాశపడి మానుకొన్న సోదరి, తన రెండువేలను నాలుగువేలు చేసికొన్నను గొప్ప మేలే.

మూడవ సూత్రము: క్రమవృద్ధి

క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దిలో క్రోటన్ పట్టణమున మిలో అను మల్లుడుండెను. అతడు లేగదూడను ప్రతిదినమును మోయుచు, దూడ పెరిగి ఎద్దగునప్పటికి ఎద్దునే మోయగలిగెనని కథ. కథయందలి నిజమెట్లున్నను నీతి మాత్రము వైద్యశాస్త్రమునకు సమ్మతమే. బరువు మెల్లమెల్లగ పెరిగినచో దేహము దానితోపాటు పెరుగును. బరువు పెరుగనిచో దేహమును అచ్చటనే నిలిచిపోవును.

దీనిని చికిత్సగ మార్చినవాడు అమెరికా సైనికవైద్యుడు థామస్ డీలార్మ్. రెండవ ప్రపంచయుద్ధమున మోకాళ్లు దెబ్బతిన్న సైనికులచేత బరువులను క్రమముగ పెంచుచు ఎత్తించి, వారి కాలిబలమును మరల తెచ్చిన విధానమును 1945లో ఆయన ప్రకటించెను. తరువాత 1948లో పదేసి మారుల చొప్పున మూడు విడతలుగ చేయు పద్ధతిని తన సహచరునితో కలిసి వివరించెను. నేటికిని వ్యాయామశాలలలో వినబడు "మూడు విడతలు, పదేసి మారులు" అను మాటకు ఇదియే మూలము.

మన శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము నందెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతస్త్రీ ఆమెయే. ఆ బరువు ఒక్కనాటిలో చేతికి వచ్చినది కాదు. కిలో వెంట కిలోగ ఏండ్ల తరబడి పెంచినది. గృహిణికి 240 కిలోలతో పనిలేదు. కాని కిలోవెంట కిలో యను మార్గము ఆమెకును మనకును ఒక్కటే.

ఆచరణలో ఈ నియమమును పాటింపుడు. ఒక వ్యాయామమును 8 మారులు మొదలు 12 మారులవరకు చేయుడు. చివరి రెండు మారులు కష్టముగ తోచవలయును, కాని భంగిమ చెదరరాదు. వరుసగ రెండు దినములు 12 మారులు సులువుగ చేయగలిగినచో బరువును కొంచెము పెంచి మరల 8 నుండి ఆరంభింపుడు. ఒకేమారు బరువును, మారులను, దినములను పెంచరాదు. ఏదేని ఒక్కటియే పెంచవలయును.

నాలుగవ సూత్రము: విశ్రాంతి

బలము వ్యాయామము చేయునపుడు పెరుగదు. చేసిన పిమ్మట విశ్రాంతిలో పెరుగును. పులిసిన పిండికి సమయమిచ్చినట్లే కండకును సమయమీయవలయును. ఒకే కండకు వరుసగ రెండు దినములు బరువు తగిలింపక, నడుమ ఒక దినమైనను విడువుడు. క్రొత్తగ ఆరంభించినవారికి మరునాడు, మూడవనాడు ఒడలు నొచ్చుట సహజము; అది రెండు మూడు దినములలో తగ్గును. కీలునందు గ్రుచ్చినట్లుండు నొప్పి, వాపు, నానాటికి హెచ్చు బాధ సహజములు కావు. అట్టివి కలిగినచో ఆ వ్యాయామమును ఆపవలయును. రాత్రి చాలినంత నిద్రయు, భోజనమున పప్పు, పెరుగు, పాలు, అలవాటున్నచో గ్రుడ్లు మున్నగునవియు లేనిచో చేసిన వ్యాయామము సగము ఫలమే యిచ్చును. అందరికిని వడ్డించి మిగిలినది తిను అలవాటు ఇచ్చట అడ్డువచ్చునని ప్రత్యేకముగ హెచ్చరించుచున్నాము.

ఐదవ సూత్రము: ఎడతెగనితనము

వ్యాయామఫలము బొట్టుబొట్టుగ కూడిన సొమ్ము వంటిది. కాని బ్యాంకులో వేసిన సొమ్మువలె నిలువయుండదు. కొన్ని వారములు మానినచో మెల్లగ తరిగిపోవును. అయితే భయపడనక్కరలేదు, ఒకమారు సంపాదించిన బలము మరల ఆరంభించినపుడు మొదటికంటె త్వరగ వచ్చును. పండుగ వచ్చినను, పెండ్లి వచ్చినను, పిల్లలకు జ్వరము వచ్చినను క్రమము తెగును. తెగినదని మానుకొనక, తెగినచోటికి ఒక మెట్టు క్రిందినుండి మరల ఆరంభింపవలయును. ఇరువది నిమిషములు లేనినాడు ఐదు నిమిషములు చేసినను అలవాటు బ్రతికియుండును.

ఆరవ సూత్రము: ఎవరికి తగినది వారికి

పొరుగింటామె చేయునది మనకు తగవలెనని లేదు. రక్తపుపోటు, గుండెజబ్బు, మధుమేహము, కీళ్లవాతము కలవారు వైద్యుని సలహాతోనే ఆరంభింపవలయును. మధుమేహమునకు ఇన్సులిను తీసికొనువారికి వ్యాయామమున చక్కెర పడిపోవు ప్రమాదము కలదు గనుక తీపిపదార్థమును చేరువ నుంచుకొనవలయును. వైద్యుడు వలదనని గర్భిణులకు వ్యాయామము మేలే. కాని మొదటి మూడు నెలల పిమ్మట వెల్లకిల పడుకొని చేయునవి మానవలయును. బాలింతరాండ్రు వైద్యురాలిని అడిగి మెల్లగ ఆరంభింపవలయును. దగ్గినపుడు, బరువెత్తినపుడు మూత్రము జారుట కాన్పులైన స్త్రీలలో తరచుగ కలదు. సిగ్గుపడి దాచుకొనక వైద్యురాలికి చెప్పినచో దానికిని తగిన వ్యాయామము నేర్పుదురు. నెలసరి దినములలో ఒడలు సహకరించినచో మానవలసిన పనిలేదు. గుండెలో నొప్పి, కన్నులు చీకట్లు క్రమ్ముట, మితిమీరిన ఆయాసము కలిగినచో తక్షణమే ఆపి వైద్యసహాయము పొందవలయును.

ఒక వారపు క్రమము

పై సూత్రములను కలిపి, ఆరోగ్యవంతురాలైన క్రొత్త అభ్యాసకురాలికి తగిన క్రమమునొకదానిని ఇచ్చుచున్నాము.

మంగళ, బుధ, శుక్ర, శనివారములలో వడిగ నడువవలయును. మొదటి రెండు వారములు 10 నిమిషములు. పిమ్మట రెండు వారములకొకమారు 5 నిమిషముల చొప్పున పెంచినచో తొమ్మిదవ వారమునకు 30 నిమిషములగును. సోమ, గురువారములు బలవ్యాయామమునకు. ఆ దినములలో నడక 5 నిమిషములతో ఆరంభించి 15కు పెంచవలయును. ఇట్లు నాలుగు దినములు ముప్పదేసి, రెండు దినములు పదునైదేసి కలిసి 150 నిమిషములగును. ఆదివారము విశ్రాంతి.

బలవ్యాయామమునకు ముందు ఐదు నిమిషములు నిలిచినచోటనే అడుగులు వేయుచు భుజములను త్రిప్పి ఒడలు వేడిచేసికొనుడు. పిమ్మట ఈ ఐదింటిని చేయుడు.

ఒకటి: గట్టి కుర్చీలో కూర్చుండి చేతులానింపక లేచి, మరల మెల్లగ కూర్చుండుట. సులువైనపుడు పప్పు పొట్లమును రొమ్మునకు హత్తుకొని చేయవచ్చును.

రెండు: గోడకు రెండడుగుల దూరమున నిలిచి, అరచేతులు గోడకానించి దండీలు తీయుట. పిమ్మట వంటగట్టుకానించియు, కొన్ని నెలలకు నేలపై మోకాళ్లానించియు చేయవచ్చును.

మూడు: ఒక చేయి గట్టునకానించి, వీపును వంకరపోనీయక ముందుకు వంగి, రెండవ చేతిలోని సంచిని మోచేయి వెనుకకు పోవునట్లు నడుమువరకు లాగుట. సంచిలో మొదట ఒక కిలో. పిమ్మట అరకిలో చొప్పున పెంపు. ఇంటిపని వంచిన భుజములను ఇది నిటారు చేయును.

నాలుగు: వెల్లకిల పడుకొని, మోకాళ్లు మడచి, పాదములు నేలకదిమి తుంటిని పైకెత్తి దించుట.

ఐదు: గోడను పట్టుకొని మడమలెత్తి దించుట, దాని చివర ఒంటికాలిపై పది లెక్కించునంతసేపు నిలుచుట. పడుదుమను భయమున్నచో గోడనుండి చేయి తీయరాదు.

ఒక్కొక్కటి 8 నుండి 12 మారులు. మొదటి రెండు వారములు ఒక విడత, పిమ్మట రెండు విడతలు. విడతకును విడతకును నడుమ ఒకటి రెండు నిమిషములు ఆగవలయును. బరువెత్తునపుడు ఊపిరి విడువవలయును, బిగబట్టరాదు. తుదిని తొడలను, పిక్కలను, భుజములను ఒక్కొక్కటి 20 లేక 30 సెకనులు మెల్లగ సాగదీసి ముగింపుడు. గోడమీది క్యాలెండరులో చేసిన దినమున ఒక గీత గీయుడు. ఎన్ని మారులు, ఎంత బరువు అనునది ఒక చిన్న పుస్తకమున వ్రాయుడు. చాకలిపద్దు వ్రాయగల చేతికి ఇది భారము కాదు.

ఈ అరగంట ఎవరిది?

సూత్రములన్నియు తెలిసినను ఒక్క చిక్కు మిగిలియున్నది. అదియే అసలైన చిక్కు. అరగంట ఎచ్చటినుండి వచ్చును? పిల్లల బడివేళ బడిది, భర్త కచేరివేళ కచేరిది, అత్తమామల మందులవేళ వారిది. ఇంటిలోని ప్రతి గంటకును ఒక యజమాని యున్నాడు. ఇల్లాలి పేర మాత్రము ఒక్క గంటయును వ్రాసియుండదు. మిగిలినప్పుడు చేసికొందమన్నచో ఎన్నటికిని మిగులదు. కావున వ్యాయామవేళను మొదటనే నిర్ణయించి ఇంటివారికి చెప్పుడు. ఆ అరగంట పొయ్యిమీది పాలను మరియొకరు చూడగలరు. వారు కొన్నాళ్లు విసుగుకొన్నను తరువాత అలవాటు పడుదురు.

ఇది స్వార్థమని ఎవరైన అన్నచో వారికి ఒక్క మాట చెప్పుడు. డెబ్బదియవ యేట నేలమీద కూర్చుండి, ఎవరి చేయియు పట్టుకొనకయే లేవగలిగిన తల్లి తన బిడ్డలకిచ్చు కానుక తక్కువది కాదు. ఆ లేచుటకు వలసిన బలమును నలుబదియవ యేటనో, ఏబదియవ యేటనో ఈ అరగంటలలో కూడబెట్టవలయును. అప్పటికే డెబ్బది దాటినవారును నిరాశపడనక్కరలేదు; ఏ వయసున ఆరంభించినను కండకు బలము వచ్చునని వైద్యులు నిశ్చయించియున్నారు.

వచ్చు సోమవారము శుభదినమే. కుర్చీ యింటనే యున్నది, గోడయు నున్నది. రాబోవు సంచికలో నడుమునొప్పి గలవారు విడువవలసిన భంగిమలను, చేయదగిన వ్యాయామములను గూర్చి వ్రాయుదుము.